మూడుని ఎనిమిది చేసిన ఎండాకాలం

ఇవాళ పొద్దున మా డిపార్ట్‌మెంటులో ఇద్దరమ్మాయిల్ని పిలిపించాం. ఒకమ్మాయి డెంగీతో ఆస్పత్రిలో ఉంటే, ఆమె ఇవ్వాల్సిన అసైన్‌మెంటుని రెండో అమ్మాయి కంప్యూటరు చేత రాయించి, స్నేహితురాలి పేరు పెట్టి పంపేసింది. జబ్బు నుంచి లేచి వచ్చిన పిల్లకి తన పేరు మీద ఏం వెళ్లిందో కూడా తెలియదు. పంపిన పిల్ల మాత్రం మా ఎదురుగా తలెత్తుకునే నిలబడింది.

"చీటింగ్ ఎట్లయితది మేడమ్? నా కోసం చేస్కోలే గదా. హెల్ప్ చేసిన," అంది.

ఇద్దరికీ కొత్త అసైన్‌మెంట్లు ఇచ్చి, పంపిన పిల్ల చేత క్షమాపణ రాయించుకుని, అక్కడితో ముగించాం. మిగతా మాస్టార్లు టీ తాగడానికి వెళ్లారు. నాకు తాగబుద్ధి కాలేదు. ఆటో ఎక్కకుండా తార్నాక దాకా నడిచాను. ఆ అమ్మాయి అన్న మాటే నేనూ అన్నాను ఒకప్పుడు. నాకు పదమూడేళ్లు. ఇదే క్యాంపస్‌లో, ఒక పెద్ద బల్ల ముందు నిలబడి.

అప్పట్లో డిగ్రీ పరీక్షల పేపర్లు దిద్దడానికి మాస్టార్ల ఇళ్లకే వచ్చేవి. మా నాన్నగారు ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఎండాకాలం సెలవులు మొదలైన వారానికల్లా రిక్షాలో గుడ్డసంచులు దిగేవి. సంచి మూతి పురికొసతో కుట్టి, ఆ కుట్టు మీద లక్క సీలు వేసి ఉండేది. నాన్నగారు సీలు పగలగొట్టగానే ముందు గదంతా ఒక వాసన. మైదా జిగురు, కొత్త కాగితం, సిరా, ఎక్కడో గోదాంలో పట్టిన దుమ్ము. అదే వారంలో మా అమ్మ ఆవకాయ కలిపేది. ముందు గదిలో పేపర్ల వాసన, వెనక వరండాలో ఆవపిండి ఘాటు. ఎండాకాలమంటే నాకు ఈ రెండు వాసనలే.

కృష్ణా జిల్లా నుంచి మాతో వచ్చేసిన మా మామ్మకి ఆ పేపర్లంటే దేవుడి గదికున్నంత మడి. "కాలు తగలనివ్వకండే! ఎవరి పిల్లల చదువో అది," అని వచ్చేపోయే వాళ్లందరినీ అదిలించేది. మధ్యాహ్నం ఆమె చాప మీద వాలగానే నేను విరిగిన లక్క ముక్కలు ఏరుకుని కొవ్వొత్తి మీద కరిగించి, అరచేతిలో వేసుకుని, రూపాయి బిళ్ల అద్ది సీలు వేసుకునేదాన్ని. ఎర్ర రీఫిల్ నోట్లో పెట్టుకుని పీల్చి నాలుక ఎర్రగా చేసుకుని, రక్తం కక్కుతున్నానని అమ్మని హడలగొట్టినదీ ఆ రోజుల్లోనే.

దిద్దడం నాన్నగారి పని. మార్కులు కూడటం నా పని. ఒక్కో జవాబు పక్కన ఆయన వేసిన మార్కు పై అట్ట మీద గళ్లలోకి ఎక్కిందా, మొత్తం ఎంతయింది, లోపల ఏ జవాబయినా దిద్దకుండా మిగిలిపోయిందా అని చూసి, మొత్తం పెన్సిల్‌తో వేయాలి. దాని మీద ఆయన ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టేవారు. ఇది నిబంధనలకు విరుద్ధమే. కానీ మా వీధిలో పేపర్లు వచ్చే ఇళ్లన్నిటా పిల్లలే కూడేవాళ్లు.

"నువ్వు కూడాక నేను మళ్లీ కూడక్కర్లేదురా," అనేవారు నాన్నగారు. ఆ మాట కోసం నేను ఆటలు కూడా మానుకునేదాన్ని.

మా ఇంటి మేడ మీద ఒంటి గది ఉండేది. అందులో అద్దెకున్న అమ్మాయిని నేను అక్క అనేదాన్ని. వరంగల్ వైపు పల్లె నుంచి వచ్చి బి.ఎ. చదువుతోంది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, నాన్న ఇళ్లు కట్టే సుతారి మేస్త్రీ. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటింది ఈమె ఒక్కతే. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా గుడ్డలో చుట్టి సర్వపిండి తెచ్చేది. నాకోసం అంచులు బాగా మాడినది విడిగా పెట్టేది. నా జడ వేస్తూ తన పాఠాలు పైకి చదువుకునేది. జనాభా సమస్య, ద్రవ్యోల్బణం, కుటీర పరిశ్రమలు, అన్నీ నా నెత్తి మీదే వల్లె వేసింది.

ఆమెకి ఎకనామిక్స్ పేపరు ఒకటి మిగిలిపోయింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. ఈసారి కూడా పోతే ఇక ఊరికి వచ్చేయమని వాళ్ల నాన్న కబురు పెట్టాడు. పాసయితే బి.ఇడి.లో చేరి టీచరవుతుంది. లేకపోతే తల్లి పక్కన కూర్చుని బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

పేపర్లు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అక్క మా గడప తొక్కేది కాదు. మంచినీళ్లకి వచ్చినా వాకిట్లోనే నిలబడేది.

"లోపలికి రావే, ఎండలో ఏంటి?" అని మామ్మ పిలిస్తే, "వద్దు మామ్మా. పేపర్లున్నయ్ గదా. నేను పరీక్ష రాసినదాన్ని, అండ్ల కాలు వెట్టొద్దు," అనేది.

ఒక్కసారి మాత్రం వచ్చింది. ఆవకాయ జాడీ అటక మీదికి ఎక్కించడానికి అమ్మకి చెయ్యి అందలేదు. మామ్మ బతిమాలితే అక్క లోపలికి వచ్చి, పేపర్ల వైపు చూడకుండా గోడవారన నడిచి, జాడీ ఎత్తి పెట్టి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను కూడుతున్నాను. నాన్నగారు పక్క గదిలో కునుకు తీస్తున్నారు. ఒక పేపరు తీశాను. మొదటి పేజీ చూడగానే నా చేతులు ఆగిపోయాయి.

అక్క రాతకి ఒక లక్షణం ఉంది. తలకట్లు ఎప్పటికప్పుడు పెట్టదు. వాక్యమంతా గబగబా రాసి, వెనక్కి వచ్చి వరసగా టిక్కుల్లా కొట్టుకుంటూ పోతుంది. అందుకని అవి అక్షరం నెత్తిన కాక కొంచెం కుడి పక్కకి పడతాయి. "నీ అక్షరాలన్నిటికీ టోపీలు జారిపోతున్నాయక్కా," అని నేను ఏడిపించేదాన్ని. పేరు లేదు, హాల్ టికెట్ నంబరు ఉన్న ముక్క చింపేసి ఏదో కోడ్ నంబరు వేశారు. అయినా అవే జారిన టోపీలు, పేజీ నిండా.

గళ్లలో మార్కులు కూడాను. ముప్పై ఒకటి. మళ్లీ కూడాను. ముప్పై ఒకటే. పాసవడానికి ముప్పై అయిదు కావాలి.

లోపల నాన్నగారి గురక, వరండాలో మామ్మ విసనకర్ర చప్పుడు. మూడో ప్రశ్నకి మూడు మార్కులు ఉన్నాయి. మూడుకి ఎడమ వైపు రెండు చిన్న వంపులు గీస్తే ఎనిమిది. నాన్నగారి ఎర్ర పెన్ను అక్కడే ఉంది. జవాబు పక్కన ఒకసారి గీశాను, అట్ట మీద గడిలో ఒకసారి. పెన్సిల్‌తో ముప్పై ఆరు వేసి, ఆ పేపరు కట్ట మధ్యలోకి తోసేసి, పెరట్లోకి పరుగెత్తి కుళాయి కింద తల పెట్టాను.

సాయంత్రం నాన్నగారు వరసగా సంతకాలు పెట్టారు. ముప్పై ఆరు దగ్గర ఆయన చెయ్యి ఆగలేదు.

మూడు రోజులు నేను రాణిలా తిరిగాను. అక్కని చూస్తే నవ్వొచ్చేది. "ఏందే, గట్ల మురుస్తున్నవ్?" అంటే, "ఏం లేదక్కా, నువ్వు పాసవుతావు చూడు," అన్నాను. ఆమె కొంగుతో నా ముక్కు తుడిచి, "నీ నోట్ల చక్కెర వొయ్య," అంది.

కట్టలు క్యాంపస్‌కి వెళ్లిన వారానికి నాన్నగారిని పరీక్షల ఆఫీసు నుంచి పిలిచారు. పొద్దున్నే వెళ్లిన మనిషి మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగొచ్చారు. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డారు. అమ్మ మజ్జిగ తెస్తే అక్కర్లేదని చెయ్యి ఊపారు.

ప్రతి కట్టలోంచీ కొన్ని పేపర్లు తీసి చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తాడట. అరపేజీ కూడా లేని జవాబుకి ఎనిమిది మార్కులు కనిపించాయి. భూతద్దం పెట్టి చూస్తే అది మార్చిన అంకె. కోడ్ విప్పి ఎవరి పేపరో చూశారు. ఆ అమ్మాయి దరఖాస్తులో ఉన్న ఇంటి నంబరూ, నాన్నగారి ఇంటి నంబరూ ఒకటే.

"మీ ఇంట్లో అద్దెకున్న పిల్ల పేపరు, మీ దగ్గరే మార్కులు మారింది. ఏమనుకోమంటారు అని అడిగాడే," అని అమ్మతో అన్నారు నాన్నగారు.

మామ్మ మెల్లగా అంది. "జాడీ ఎత్తడానికి వచ్చింది ఒకసారి. కానీ ఆ పిల్ల అటు కన్నెత్తి కూడా చూడలేదురా."

నాన్నగారు మేడ మీద నుంచి అక్కని పిలిపించారు. ఆమె అలవాటుగా గడప బయటే ఆగింది.

"లోపలికి రా. ఇప్పుడు పేపర్లు లేవుగా," అన్నారు. విషయం చెప్పారు. అక్క ముఖం ముందు అర్థం కానట్టు అయింది, తర్వాత పాలిపోయింది.

"నా పేపర్ మీ కాడికి వచ్చిందా సార్? నాకెట్ల తెలుస్తది? మా అమ్మ మీద ఒట్టు, నేను ముట్టలే."

"నువ్వు కాక ఇంకెవరికి అవసరమమ్మా?"

"నాకే అవసరం సార్. అందరికంటే నాకే అవసరం. గందుకే మీ గడప తొక్కలే."

నేను తలుపు వారగా ఉన్నాను. చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. నాన్నగారు నావైపు ఒకసారి చూశారు కూడా. కానీ ఆ చూపులో అనుమానం లేదు. నేను మార్కులు మారుస్తానన్న ఊహే ఆయనకి రాలేదు. అదే నా నోరు నొక్కేసింది. 'నువ్వు కూడాక నేను మళ్లీ కూడక్కర్లేదు' అన్న మనిషి ముందు ఎలా చెప్పను?

సోమవారం నాన్నగారూ, అక్కా ఇద్దరూ క్యాంపస్‌కి రావాలని ఆఫీసువాళ్లు చెప్పారట. మధ్యలో శనివారం, ఆదివారం. కొత్తావకాయ, వెన్నపూస కలిపి మామ్మ నోట్లో పెట్టబోతే వాంతి చేసుకున్నాను. వడదెబ్బ అని ఉల్లిపాయ రసం అరికాళ్లకి రాశారు. నాన్నగారు ఎవరితోనూ మాట్లాడకుండా సంజాయిషీ రాసి, చింపి, మళ్లీ రాస్తున్నారు. మేడ మీద అక్క ట్రంకు పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినబడేది.

ఆదివారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"డిబార్ చేస్తరంట," అంది, నావైపు చూడకుండా. "మూడేండ్లు ఏ పరీక్ష రాయనియ్యరంట. ఫెయిలైనా ఇంటికి పోతుంటి, గని దొంగ అనిపిచ్చుకోని పోతనని అనుకోలే."

నేను ఆమె భుజానికి తల ఆనించాను. చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసేది పెన్ను పట్టిన మధ్యాహ్నం కాదు, ఆ సాయంత్రం.

సోమవారం పొద్దున నాన్నగారు ముందు, నాలుగడుగుల వెనక అక్క, ఇద్దరూ బయల్దేరారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూశాను. నాకేమైందో తెలియదు, చెప్పుల్లేకుండా పరుగెత్తాను. తార్నాక రోడ్డు దాటి, క్యాంపస్ గేటు దాటి, ఆ పొడుగాటి రోడ్డు మీద కాళ్లు కాలుతుంటే పరుగెత్తాను. పరీక్షల ఆఫీసు వరండాలో బెంచీ మీద, ఆ చివర నాన్నగారు, ఈ చివర అక్క.

"నేనే నాన్నా," అన్నాను. ఊపిరి అందక ఇంకేం రాలేదు. "నేనే ఎనిమిది చేశాను."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు లేచి నిలబడ్డారు. కొడతారనుకున్నాను. నా కాళ్ల వైపు చూసి, "చెప్పులేవే?" అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని తిన్నగా లోపలికి తీసుకెళ్లారు.

పెద్ద బల్ల, బల్ల వెనక తెల్లజుట్టు చీఫ్ ఎగ్జామినర్. నాన్నగారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఇంట్లో నా చేత కూడిస్తానన్నదీ దాచలేదు. చీఫ్ ఎగ్జామినర్ నమ్మలేదు.

"పిల్లని అడ్డం పెట్టుకుంటున్నరా మాస్టారూ?" అని, ఒక తెల్లకాగితం మీద ఎర్ర పెన్నుతో మూడు వేసి నా ముందుకు తోశారు. "ఎట్ల చేసినవో చెయ్యి బిడ్డా."

నేను కింది వంపు ముందు గీసి, తర్వాత పైది గీశాను. రెండూ నడిమిన కలవక సన్నటి సందు మిగిలింది. ఆయన పేపరు తీసి పక్కన పెట్టి చూశారు. అదే సందు.

"ఎందుకు చేసినవ్?"

"నా కోసం కాదండీ. అక్క పాసవ్వాలని. హెల్ప్ చేశాను."

ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టారు. "టోటల్ చేసేటప్పుడు నీ పనేంది?"

"కూడటం."

"ఇంకా?"

"ఏ జవాబైనా దిద్దకుండా ఉండిపోయిందేమో చూడటం."

"చూసినవా?"

ఆయన అక్క పేపరు మా వైపు తిప్పి, ఆఖరి జవాబు తర్వాత ఒక్కో పేజీ తిరగేశారు. ఖాళీ. ఖాళీ. ఖాళీ. ఆ తర్వాత రెండున్నర పేజీల నిండా జారిన టోపీల అక్షరాలు. కుటీర పరిశ్రమల మీద వ్యాసం. ఒక్క ఎర్ర గీత లేదు. పేజీలు అంటుకున్నాయో ఏమో, నాన్నగారు చూడలేదు. చూడాల్సిన నేను, ముప్పై ఒకటి కనబడగానే పెన్ను అందుకున్నాను.

నాన్నగారు ఆ వ్యాసం నిలబడే చదివారు. అందులో అక్క పుస్తకంలోది తక్కువే రాసింది. వెయ్యి బీడీలు చుట్టడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆకు నానబెట్టేది ఎవరు, నాసిరకం అని తీసేసిన బీడీలు ఏమవుతాయి, వేళ్లకి ఏమవుతుంది, అవన్నీ రాసింది. చదవడం అయ్యాక ఆయన కళ్లజోడు తీసేశారు.

"ఇరవైకి పన్నెండన్నా వెయ్యాలి," అన్నారు చీఫ్ ఎగ్జామినర్. "నలభై మూడు. ఆ పిల్ల పాసే, మాస్టారూ. మీరిద్దరు కలిసి తప్పిచ్చినరు."

గుమ్మం బయట అక్క నిలబడి ఉంది. అన్నీ విన్నది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. మార్కులు మార్చిన పేపరు కాబట్టి దాన్ని కమిటీ ముందు పెట్టాలి. కమిటీ కూర్చునే దాకా ఆమె ఫలితం ఆపేశారు. అందరి ఫలితాలూ వచ్చాయి, ఆమెది రాలేదు. బి.ఇడి. సీట్లు నిండిపోయాయి. దసరా దాటాక ఉత్తరం వచ్చింది, ఆమె తప్పు లేదనీ, నలభై మూడు మార్కులతో పాసయిందనీ. అప్పటికి ఆ ఏడాది చేజారిపోయింది. నాన్నగారికి మళ్లీ పేపర్లు ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు. ఆ తర్వాతి ఎండాకాలాల్లో మా ముందు గది ఊరికే ఖాళీగా ఉండేది. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ కిరాణా చీటీ నేను కూడి ఇచ్చినా పక్కకి తిరిగి మరోసారి కూడుకునేవారు. అది చూసిన ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

అక్క మాత్రం ఆ సోమవారం దాటిన వారానికే గది ఖాళీ చేసింది. అడిక్‌మెట్‌లో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటానంది. అమ్మ ఉండమని బతిమాలింది, నాన్నగారు చేతులు జోడించారు. "మీ మీద కోపం లేదు సార్," అందామె. రిక్షాలో ట్రంకు పెట్టె ఎక్కించాక నన్ను దగ్గరికి పిలిచింది. జడ వేస్తుందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"ఒక్కటి అడుగుత, చెప్పు," అంది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "నా పాఠాలన్నీ నీ ముంగటనే చదివిన. కుటీర పరిశ్రమలు నాకెంత మంచిగ వచ్చో నీకు తెలుసు. పేజీలు తిప్పి సూడకుంటనే, నేను ఫెయిలే అని ఎట్ల అనుకున్నవే?"

నేను ఏడ్చాను. రిక్షా వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆమె బి.ఇడి.లో చేరిందని, తర్వాత ఏదో ప్రభుత్వ బడిలో టీచరయిందని విన్నాం. చాలా ఏళ్లకి, నేనూ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, నల్లకుంట కూరగాయల మార్కెట్‌లో కనబడింది. జుట్టు నెరిసింది. ఆమే నన్ను గుర్తుపట్టింది. మామ్మ పోయిందని చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్నగారి ఆరోగ్యం అడిగింది, నా చెంప నిమిరింది. నేను ధైర్యం తెచ్చుకుని, "అక్కా, ఆ రోజు నువ్వు అడిగినదానికి..." అని మొదలుపెట్టాను.

"ఇప్పుడు గదెందుకే," అని కొత్తిమీర కట్ట ఎంచుకోవడంలో పడింది.

వద్దన్నది, మరిచిపోయానని మాత్రం అనలేదు. ఆ రోజు ఆమె ఆగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. నిజం చెప్పాలంటే, ముప్పై ఒకటి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆమె అంటే అంత ఇష్టం నాకు, అయినా ఆశ్చర్యం కలగలేదు. ఆమె అడిగింది దాని గురించే.